కొంచెం తేమ, కొంచెమే తేమ

ఉద్యోగంలో చేరిన రెండో వారంలోనే జయకుమారికి కొలంబో నుంచి చీవాట్లు వచ్చాయి. చీవాట్లంటే తిట్లు కావు. చక్కగా టైపు చేసి, 'డియర్ మేడమ్' అని మొదలుపెట్టి, కింద సంతకం కూడా చేసి ఫాక్సులో పంపిన చీవాట్లు.

అది 2003 ఫిబ్రవరి. గుంటూరులో మిర్చి యార్డుకి వెళ్ళే దారిలో మొహిద్దీన్ బాషా గారికి ఎండుమిర్చి ఎగుమతి చేసే చిన్న కంపెనీ ఉండేది. కింద గోడౌను, పైన రెండు గదుల ఆఫీసు. బాషా గారికి యాభై దాటాయి. మిరపకాయని రెండుగా విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే అది నల్లరేగడిలో పండిందో ఎర్రనేలలో పండిందో చెప్పగలడు. కానీ ఇంగ్లీషు ఉత్తరం వస్తే దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చివరికి ఎవరో ఒకరి చేతిలో పెట్టేవాడు. పదేళ్ళుగా ఆ ఉత్తరాలు చూసిన గుమాస్తా సంక్రాంతి వెళ్ళగానే హైదరాబాదులో వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలోకి వచ్చింది జయకుమారి.

ఆమెది అద్దంకి దగ్గర పల్లె. తండ్రి బుల్లయ్యకి మూడెకరాల మిరప, రెండెకరాల పత్తి. తెలుగు మీడియంలో చదివి బీకాం పాసైంది. టైపు హయ్యరు కూడా చేసింది. వేళ్ళు పరిగెత్తినంత వేగంగా ఇంగ్లీషు పరిగెత్తదని ఆమెకే తెలుసు. ఇంటర్వ్యూలో ఆ మాట దాచుకోలేదు కూడా.

"రాని భాషని నేర్చుకోవచ్చమ్మా. రాని నిజాయితీని ఎక్కడ నేర్పుతారు? సోమవారం నుంచి వచ్చెయ్," అన్నాడు బాషా గారు.

కొలంబోలో మిర్చి కొనే వ్యాపారి పేరు సెల్వరత్నం. ఆయనకి మూడు రకాల కాయ మూడు పొట్లాల్లో పంపి, జయకుమారి ఇంగ్లీషులో రాసిన మొదటి ఉత్తరం ఇది: 'సర్, సాంపిల్ సెంట్. ప్లీజ్ సీ సాంపిల్ అండ్ రిప్లై. సాంపిల్ ఈజ్ బెస్ట్.'

దానికి వచ్చిన జవాబే ఆ చీవాట్లు. జయకుమారి డిక్షనరీ పక్కన పెట్టుకుని అరగంట కూర్చుని అర్థం తీసింది.

'మీరు పంపినవి మూడు పొట్లాలు. ఉత్తరంలో సాంపిల్ అంటున్నారు. ఏదో ఒక సాంపిలా? ఫలానా సాంపిలా? లేక మొత్తం అన్నీనా? ఇంగ్లీషులో ఇలాంటి పదాల ముందు ఒక చిన్న మాట రావాలి. వచ్చే ఉత్తరంలో దయచేసి దాన్ని కూడా పంపగలరు.'

"ఏమంటున్నాడమ్మా?" అని అడిగాడు బాషా గారు.

"ఒక చిన్న మాట పంపమంటున్నారండి."

"పంపించెయ్. కొరియర్లో వేస్తే రేపటికి పోతుంది."

జయకుమారికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని సాయంత్రం నేరుగా రామమూర్తి మాస్టారి ముందుకెళ్ళి నిలబడింది.

రామమూర్తి గారు ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. బ్రాడీపేటలో ఆయన మేడ మీది గదిలోనే జయకుమారి అద్దెకుంటోంది. ఆయన భార్య దుర్గాంబ గారు మొదటి రోజే, "అమ్మాయ్, నీళ్ళు పొద్దున ఆరింటికి, సాయంత్రం అయిదింటికి. మాస్టారి ఉపన్యాసం మాత్రం ఇరవై నాలుగు గంటలూ వస్తుంది, జాగ్రత్త," అని చెప్పి తాళం చేతికిచ్చారు.

మాస్టారు ఫాక్సు చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివారు. పాఠం చెప్పమని మనిషి తనంతట తాను వచ్చి అయిదేళ్ళయింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"దుర్గా, ఒక బల్ల ఇలా వెయ్యి. ఆర్టికల్సు!"

"అయ్యో పాపం పిల్ల," అన్నారు లోపల్నుంచి దుర్గాంబ గారు. అయినా బల్లా వేశారు, కాఫీ కూడా ఇచ్చారు.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర దాకా వరండాలో పాఠం. ఇంగ్లీషులో ఆర్టికల్సు మొత్తం మూడు: ఎ, యాన్, ది. మూడే కదా, మూడు రోజుల్లో అయిపోతుందనుకుంది జయకుమారి. మూడు రోజులకి మొదటి రెండూ కూడా పూర్తి కాలేదు.

"అచ్చు ముందు యాన్. హల్లు ముందు ఎ. కానీ కంటితో చూడకు, చెవితో విను. 'అవర్' రాసేటప్పుడు హెచ్ ఉంది. పలికేటప్పుడు ఉందా?"

"లేదండి."

"అందుకని యాన్ అవర్. 'యూనివర్సిటీ' రాసేటప్పుడు ముందు అచ్చే. పలికేటప్పుడు?"

"య... యూ. హల్లు."

"అందుకని ఎ యూనివర్సిటీ. భేష్!"

ఆ ఉత్సాహంలో మాస్టారు ఒక మాట అన్నారు. తర్వాత చాలాసార్లు ఆయనే తలుచుకుని నొచ్చుకున్న మాట అది. "చూడు జయా, నిబంధనలు సవాలక్ష ఉంటాయి. నువ్వు ఒకటి గుర్తుంచుకుంటే చాలు. వస్తువు పేరు వచ్చిందా, దాని ముందు ఏదో ఒకటి ఉండి తీరాలి. ఖాళీగా కనిపిస్తే నువ్వు తప్పు రాసినట్టే!"

ఈ మాట జయకుమారి మనసులో మేకు దిగినట్టు దిగిపోయింది.

ఆదివారం ఊరికి వెళ్ళింది. కల్లంలో మిరపకాయలు ఎర్రటి దుప్పటి పరిచినట్టు ఎండుతున్నాయి. నాయనమ్మ పున్నమ్మ తాటాకు పందిరి కింద కూర్చుని తాలు కాయలు, అంటే రంగు పోయి తెల్లబడ్డవి, ఏరి పక్కన పోస్తోంది. జయకుమారి ఆమె పక్కన కూర్చుని తనూ ఏరుతూ, "ఎ బఫెలో, ది బఫెలో, ఎ బుల్లక్, ది బుల్లక్" అని గొణుక్కుంటోంది.

"ఏందే ఆ గొణుగుడు? ఎవరన్నా మందేమన్నా పెట్టారా నీకు?" అంది పున్నమ్మ.

"ఇంగ్లీషు నాయనమ్మా. వస్తువు ముందు ఎ అనో, ది అనో పెట్టాలి."

"ఎందుకంట?"

"ఎదుటి మనిషికి అది ఏదో తెలియకపోతే ఎ. ఏదో తెలిసిపోతే ది."

పున్నమ్మ చేతిలో కాయ పట్టుకుని కాసేపు ఆలోచించింది. "అంటే, దోవన ఒక గేదె పోతందనుకో. అది ఎ గేదె."

"ఊఁ."

"అదొచ్చి మన పత్తి చేలో పడి మేసి పోయిందనుకో. ఇంక అప్పట్నుంచి అది ది గేదె."

జయకుమారి చేతిలో కాయలు కింద పడేసి నాయనమ్మని వాటేసుకుంది. "నాయనమ్మా! మా మాస్టారు వారం రోజులు చెప్పింది నువ్వు ఒక్క ముక్కలో చెప్పావు!"

"ఇంతోటిదానికి పట్నంలో పాఠమెందుకే?" అంది పున్నమ్మ. అవతల బస్తాలు దులుపుతున్న బుల్లయ్య విని, "అమ్మా, నీకూ ఆ బాషా గారి ఆఫీసులో ఉద్యోగం చూడమంటావా ఏంది?" అని నవ్వాడు. ఆ రోజు సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఎ చెంబు, ది చెంబు, ఎ కోడి, ది కోడి నడిచాయి. పక్కింటివాళ్ళ కోడి వీళ్ళ ధాన్యంలో పడితే పున్నమ్మ చీపురు తీసుకుని "ఇదిగో, ది కోడి వచ్చింది!" అని తరిమింది.

మార్చి నడిమికి వచ్చేసరికి జయకుమారి ఉత్తరాలు మారిపోయాయి. ది కంటైనర్, ఎ కాపీ, ది లాస్ట్ వీక్ లెటర్ అన్నంత వరకూ వెళ్ళాయి. ఎక్కువైనవి ఉండేవి గానీ తక్కువైనవి ఉండేవి కావు. సెల్వరత్నం గారు కూడా ఒక ఫాక్సు చివర, 'నేను అడిగిన చిన్న మాట భద్రంగా అందింది. కొంచెం ఎక్కువే పంపారు, ఫర్వాలేదు,' అని రాశారు. జయకుమారి ఆ వాక్యాన్ని దుర్గాంబ గారికి రెండుసార్లు చదివి వినిపించింది.

అప్పుడొచ్చింది పెద్ద బేరం. ఆ సీజనులో బాషా గారి దగ్గర సన్నరకం కాయ మూడు వందల బస్తాలు తయారైంది. ఆయన గోడౌనంతా ఒకసారి తిరిగొచ్చి, జయకుమారి బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాడు.

"రాయమ్మా. రంగు బ్రహ్మాండం. తేమ లేదు, ఉన్నా లెక్కలోకి రానంత. తాలు ఎక్కడో ఒకటీ అరా. విరిగిన కాయ కూడా అంతే. దుమ్ము లేదు, ఉన్నా ఏదో నామమాత్రం. ఇవన్నీ బాగా ఒప్పించేట్టు రాయి."

ఇది ఎలా రాయాలా అని ఆమె పాత గుమాస్తా ఫైలు తిరగేసింది. పోయిన సంవత్సరం అతను రాసిన ఉత్తరంలో సరిగ్గా ఇవే మాటలున్నాయి: 'దేర్ ఈజ్ లిటిల్ మాయిశ్చర్ అండ్ లిటిల్ డస్ట్. దేర్ ఆర్ ఫ్యూ డిస్‌కలర్డ్ పాడ్స్ అండ్ ఫ్యూ బ్రోకెన్ పాడ్స్.' డిక్షనరీ చూసింది. లిటిల్ అంటే కొంచెం, ఫ్యూ అంటే కొన్ని. సరిపోయింది. అచ్చం అలాగే టైపు చేసింది.

టైపు చేశాక వేలు పెట్టి ఒక్కో వాక్యం చూసుకుంది. మాయిశ్చర్, డస్ట్, పాడ్స్, మళ్ళీ పాడ్స్. నాలుగు వస్తువుల పేర్లు, నాలుగింటి ముందూ ఆర్టికల్ లేదు! పదేళ్ళు చేసిన మనిషి కూడా ఇలా రాశాడా అని జాలి పడింది. తను దిద్దగలిగినందుకు గర్వంగా కూడా అనిపించింది. నాలుగు చోట్లా ఎ పెట్టింది. ఎ లిటిల్ మాయిశ్చర్. ఎ లిటిల్ డస్ట్. ఎ ఫ్యూ డిస్‌కలర్డ్ పాడ్స్. ఎ ఫ్యూ బ్రోకెన్ పాడ్స్. ఫాక్సు మిషను కాగితాన్ని నమిలి అవతలికి పంపేదాకా అక్కడే నిలబడి చూసింది.

మర్నాడు పదకొండింటికి జవాబొచ్చింది.

'మీ నిజాయితీకి కృతజ్ఞతలు. ముప్ఫై ఏళ్ళుగా మిర్చి కొంటున్నాను. తన సరుకులో తేమ ఉందని, దుమ్ము ఉందని, తాలు ఉందని, విరిగిన కాయ ఉందని అమ్మేవాడే ముందుగా రాసి ఇవ్వడం ఇదే మొదటిసారి. సరుకు స్వయంగా చూడాలనుకుంటున్నాను. గురువారం వస్తున్నాను. సెల్వరత్నం.'

జయకుమారి అది తెలుగులో చదివి వినిపించేసరికి బాషా గారి చేతిలో టీ గ్లాసు బల్ల మీదికి దిగింది.

"తేమ ఉందని రాశావా?"

"లేదండి. మీరు చెప్పినట్టే రాశాను."

"మరి ఆయనకి ఉందని ఎట్లా తెలిసింది?"

ఆమె ఉత్తరం నకలు పట్టుకుని, ఆటో ఎక్కి బ్రాడీపేట వచ్చి పడింది. మాస్టారు అప్పుడే భోజనం ముగించి వక్కపలుకు నోట్లో వేసుకుంటున్నారు. కాగితం చూశారు. నమలడం ఆపేశారు.

"ఈ ఎ లు ఎవరు పెట్టారు?"

"నేనేనండి. ఖాళీగా ఉన్నాయని..."

మాస్టారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "తప్పు నీది కాదు జయా. నాది. ఈ పాఠం నేను చెప్పలేదు. పైగా ఖాళీ ఉండకూడదని చెప్పాను."

"ఏమైందండి? ఒక్క అక్షరమే కదా!"

ఆయన ఎలా చెప్పాలా అని అటూ ఇటూ చూశారు. దుర్గాంబ గారు వంటింట్లోంచి వస్తూ, "మజ్జిగ మిగిలింది, కొంచెమే. తాగుతావా అమ్మాయ్?" అన్నారు.

"అదీ!" అని మాస్టారు లేచి నిలబడ్డారు. "దుర్గా, ఇప్పుడన్న మాట మళ్ళీ అను."

"మజ్జిగ కొంచెమే ఉందన్నాను. దానికింత కేకెందుకు?"

"విన్నావా జయా? మజ్జిగ కొంచెం ఉంది అంటే, ఉంది, తాగొచ్చు అని. మజ్జిగ కొంచెమే ఉంది అంటే, లేనట్టే అని. గిన్నె అదే, మజ్జిగా అదే. మనం చివర 'మే' అని ఒత్తి చెప్పే మాటని వాళ్ళు ఎ తీసేసి చెబుతారు. లిటిల్ మాయిశ్చర్ అంటే తేమ కొంచెమే, దాదాపు లేదు. ఎ లిటిల్ మాయిశ్చర్ అంటే కొంచెం తేమ ఉంది, చూసుకోండి అని. ఫ్యూ అంటే కొన్నే. ఎ ఫ్యూ అంటే కొన్ని ఉన్నాయని. పాత గుమాస్తా సరిగ్గానే రాశాడు. నువ్వు నాలుగు చోట్లా లేదన్నదాన్ని ఉందని చేశావు."

జయకుమారి అరుగు మీద కూలబడింది. దుర్గాంబ గారు ఆ కొంచెమే మజ్జిగ ఆమె చేతిలో పెట్టి, "తాగు ముందు. కొలంబో ఎక్కడికీ పోదు," అన్నారు.

ఆఫీసుకి తిరిగి వెళ్ళి ఆమె దాచకుండా మొత్తం చెప్పింది. మజ్జిగ సంగతితో సహా. ఉద్యోగం పోతుందనే అనుకుంది. బాషా గారు విన్నంతసేపూ గడ్డం నిమురుకున్నాడు.

"ఒక్క అక్షరానికి మనిషి సముద్రం దాటి వస్తున్నాడంటావు."

"నాలుగండి."

"సరే, నాలుగు." ఆయనకి నవ్వొచ్చింది. నవ్వుని ఆపుకోలేకపోయాడు. "ఏడ్చే పని లేదమ్మా. మన సరుకు మంచిది. వచ్చి చూసుకుంటాడు. ముందు ఇంకో ఉత్తరం కొట్టి చూడు."

ఆ ఉత్తరం మాస్టారు దిద్ది ఇచ్చారు. అది పంపితే కొలంబో ఆఫీసు నుంచి రెండు వాక్యాల్లో జవాబొచ్చింది. సెల్వరత్నం గారు బంధువుల పెళ్ళికి అప్పుడే చెన్నై బయల్దేరారు. అక్కడి నుంచి నేరుగా గుంటూరు వస్తారు.

బుధవారం సాయంత్రం ఎవరూ అనుకోని వాన కురిసింది. మార్చిలో వాన మిరప పండించేవాళ్ళకి శత్రువు. ఊళ్ళో కల్లాల మీద పట్టాలు కప్పడానికి జనం ఉరుకులు పరుగులు పెట్టారని, తమ కాయ తడవలేదని బుల్లయ్య ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసి చెప్పాడు. గోడౌనులో ఉన్న సరుక్కి వాన భయం లేదని బాషా గారు నిశ్చింతగా ఉన్నాడు.

గురువారం పొద్దున పది గంటలకి సెల్వరత్నం గారు దిగారు. అరవై పైబడ్డ పొట్టి మనిషి. తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు, చేతిలో గొడుగు. తమిళుడు, తెలుగు రాదు. బాషా గారికి తమిళం రాదు. మధ్యలో జయకుమారి. రాత్రంతా అద్దం ముందు చదువుకున్న మాటలన్నీ ఆయన ముందు గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో అప్పజెప్పింది. సర్, నాది తప్పు, ఎ లు నాలుగూ నావి, మా యజమానివి కావు, మా సరుకు మంచిది.

ఆయన గొడుగు మీద రెండు చేతులూ ఆనించి శ్రద్ధగా విన్నారు. తర్వాత ఆయన చెప్పింది తెలుగులో ఇలా ఉంటుంది: "మీ ఉత్తరం మూడుసార్లు చదివానమ్మా. ఈ అమ్మాయి అబద్ధం చెప్పలేక ఇలా రాసిందా, వ్యాకరణం రాక ఇలా రాసిందా అని. రెండిట్లో ఏదైనా సరే, ఇలాంటి ఉత్తరం రాసిన మనిషిని చూడాలనిపించింది. సరే, పదండి. ఇప్పుడు మిరపకాయల్ని కూడా చూద్దాం."

గోడౌనులో పదిమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తీస్తున్నారు. వాళ్ళకి మేస్త్రి రాఘవమ్మ. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. ఘాటు లోపలికి పోకుండా ముక్కుకి కట్టుకున్న గుడ్డ తీసి, వచ్చినాయనకి దండం పెట్టి, పక్కకి జరిగి నిలబడింది.

సెల్వరత్నం గారు తొందరపడే మనిషి కాదు. ఒక్కో వరసలో రెండేసి బస్తాలు దింపించారు. కాయ విరిచారు, వాసన చూశారు, తెల్ల కాగితం మీద గీసి రంగు చూశారు. ఏమీ అనలేదు గానీ ముఖం ప్రసన్నంగానే ఉంది. గంటన్నర గడిచింది. వెనక గోడ వైపు ఉన్న ఆఖరి వరస దగ్గరికి వచ్చేసరికి తల ఊపి, ఇంక చాలు అన్నట్టు చేతులు దులుపుకున్నారు. బాషా గారు ఊపిరి పీల్చుకున్నాడు.

"అయ్యా, ఒక్క నిమిషం," అంది రాఘవమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఆఖరి వరసలోంచి ఒక బస్తా మూతి పట్టుకుని గట్టిగా ఊపింది. పక్క వరసలోది ఇంకొకటి ఊపింది.

"ఎండిన కాయైతే లోపల గింజ గలగలమనాలి. ఇదిగో, ఇది అంటంది. ఆ గోడ పక్కవి అనట్లా. నిన్నటి వానకి గోడ చెమ్మగిల్లినట్టుంది బాషా గారూ. పొద్దున్నే చూశా. చెబుదామంటే మీరు టేషనుకి పోయారు."

సెల్వరత్నం గారు జయకుమారి వైపు చూశారు. "వాట్ డజ్ షీ సే?"

ఏమంటోందని ఆయన అడుగుతున్నారు. ఆమె ఏమన్నదో ఆ గదిలో ఆయనకి తప్ప అందరికీ తెలుసు. ఏదో ఒకటి చెప్పి పైకి తీసుకెళ్ళి టీ ఇప్పించవచ్చు. జయకుమారి బాషా గారి వైపు చూసింది. ఆయన ఆ గోడ వైపు చూస్తున్నాడు. దగ్గరికెళ్ళి అరచెయ్యి ఆనించాడు. చెయ్యి తీసి చూసుకున్నాడు.

"చెప్పమ్మా," అన్నాడు మెల్లగా. "ఉన్నది ఉన్నట్టు చెప్పు."

జయకుమారి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఈసారి తొందరపడలేదు. మనసులో ఒక్కో మాటనీ ఊపి చూసుకుని పలికింది: "సర్, దేర్ ఈజ్ ఎ లిటిల్ మాయిశ్చర్ ఇన్ ది బ్యాగ్స్ నియర్ ది వాల్. దేర్ ఈజ్ లిటిల్ మాయిశ్చర్ ఇన్ ది అదర్స్."

గోడ పక్క బస్తాల్లో కొంచెం తేమ ఉంది. మిగతావాటిలో కొంచెమే.

సెల్వరత్నం గారు కదలకుండా నిలబడి విన్నారు. తర్వాత గొడుగు చంకలో పెట్టుకుని, రెండు చేతులూ ఖాళీ చేసుకుని చప్పట్లు కొట్టారు. ముచ్చికలు తీసే ఆడవాళ్ళకి ఎందుకో తెలియకపోయినా వాళ్ళూ కొట్టారు.

"మేడమ్," అన్నారాయన, "మా స్కూల్లో ఈ తేడా తెలియక నేను బెత్తం దెబ్బలు తిన్నాను. మీరు తడి గోడౌనులో నిలబడి చెప్పేశారు."

ఆ వరసలో ముప్ఫై ఎనిమిది బస్తాలున్నాయి. అవి అలాగే కంటైనరులో ఎక్కి ఉంటే ఓడలో ఉక్కకి బూజు పట్టి పక్క బస్తాలని కూడా పాడు చేసేవి. వెంటనే వాటిని మేడ మీదికి మోయించి విప్పించారు. రెండు రోజులు మంచి ఎండ కాసింది. రాఘవమ్మే పొద్దునా సాయంత్రం కాయల్ని తిరగేయించి, తనకి నమ్మకం కుదిరాకే మళ్ళీ బస్తాలకెత్తించింది. మూడు వందల బస్తాలూ ఆయనే తీసుకున్నారు. రాబోయే సంవత్సరం సరుకు కూడా వేరే ఎవరికీ మాటివ్వొద్దని బాషా గారితో చెప్పారు.

ఆ గురువారం మధ్యాహ్నం భోజనం మాస్టారి ఇంట్లో జరిగింది. జయకుమారికి పాఠం చెప్పిన మనిషిని చూపించమని సెల్వరత్నం గారే అడిగారు. దుర్గాంబ గారు ముద్దపప్పు, గోంగూర పచ్చడి, దొండకాయ వేపుడు చేశారు. ముప్ఫై ఏళ్ళుగా మిరపకాయలు కొంటున్న మనిషి గోంగూర మొదటి ముద్దకే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "వాటర్," అన్నారు.

మాస్టారు చెంబు అందుకోబోయి ఆగారు. "చూశావా జయా, వాటర్ అన్నారు. ఎ అనలేదు. ఎందుకంటే నీళ్ళని లెక్కపెట్టలేం."

"కానీ ఆ చెంబులో నీళ్ళయితే ది వాటర్," అన్నారు సెల్వరత్నం గారు, కారానికి రొప్పుతూనే.

"అవును. కానీ మీరు చెంబుని ఇంకా చూడలేదు గనక..."

"చూశాను. అందుకే అడిగాను."

"చూసినవారైతే ది అని ఉండాల్సింది!"

ఇద్దరూ విస్తరాకుల మీదికి వంగి వాదించుకుంటున్నారు. వాళ్ళ ఇంగ్లీషు దుర్గాంబ గారికి సగమే అర్థమైంది. అయినా చెంబు తీసి సెల్వరత్నం గారి ముందు ఠప్పున పెట్టారు. "ముందు ఆయన్ని తాగనివ్వండి. తర్వాత ఏ పేరైనా పెట్టుకోండి." జయకుమారి పడీపడీ నవ్వుతూ ఆ మాటని కూడా ఇంగ్లీషు చేసి చెప్పింది. ఆమె ఆ రోజంతటిలో ముందుగా బట్టీ పట్టకుండా, తడుముకోకుండా ఇంగ్లీషు మాట్లాడింది అప్పుడే. మాట్లాడేసిన తర్వాత గానీ ఆ సంగతి ఆమెకి తట్టలేదు.

కంటైనరు వెళ్ళిన రోజున సరుకుతో పాటు పంపే ఉత్తరం జయకుమారి ఒక్కతే రాసింది. మాస్టారికి చూపించలేదు. బాషా గారు తెలుగులో విని, "ఒక మాట కలుపు. ఈ సరుకు ప్రతి బస్తానీ ఊపి చూసిన మనిషి రాఘవమ్మ అని రాయి," అన్నాడు.

జయకుమారి రాసింది. ఆ కాగితం పట్టుకుని కిందికి దిగింది. రాఘవమ్మ ముచ్చికల కుప్ప ముందు కూర్చుని ఉంది.

"రాఘవమ్మక్కా, నీ పేరు కొలంబో పోతోంది."

"నా పేరా? ఏదమ్మా, ఎక్కడుంది?"

జయకుమారి ఆ వరస చూపించింది. రాఘవమ్మకి తెలుగే అంతంతమాత్రం. ఇంగ్లీషు అక్షరాల్లో తన పేరు మీద చూపుడువేలు పెట్టి, మొదటి నుంచి చివరి దాకా మెల్లగా జరిపింది. "ఇంత పొడుగుందా!" అంది.

వేలు తీసేసరికి పేరు కింద ఎర్రగా మిరప మరక పడింది. "అయ్యయ్యో, కాయితం పాడు చేశానే. ఇంకోటి కొట్టుకోమ్మా," అని కంగారు పడింది.

"ఫర్వాలేదక్కా," అని జయకుమారి ఆ కాగితాన్నే మడిచి, కవరులో పెట్టి, అంటించింది.